నాలుగున్నర లీటర్లు

ఆ ఉదయం ఆకాశం కురిసేదీ కాదు, విడిచేదీ కాదు. సరిగ్గా అలాంటి పూటే ఊపిరి కొలిచే మిషన్ మొరాయించింది.

ఊదుడు మాస్టారు గొట్టంలోంచి నోరు తీసి అంకె చూశారు. నాలుగుంపావు. చొక్కా పై గుండీ విప్పుకుని మళ్లీ ఊదారు. ఈసారి నాలుగుంపావు కూడా లేదు.

ఆస్పత్రిలో ఆ గది పద్ధతి అది. తలుపు తీయగానే మొదట మాస్టారే ఊదాలి. ఆయన ఊపిరి నాలుగున్నర లీటర్లు. మిషన్ అంత చూపిస్తేనే ఉబ్బసం రోగులను లోపలికి పిలవాలి. తక్కువ చూపించిన రోజు మాస్టారు మిషన్ పక్కనున్న స్క్రూ మరను కాస్త కుడికి తిప్పి, అంకెను దారికి తెచ్చేవారు. ఇవాళ మర కదలలేదు. పదకొండు నెలలుగా తిప్పీ తిప్పీ చివరికంటా వచ్చేసింది.

"దిక్కుమాలిన డబ్బా!" అని దాని నెత్తిన ఒకటి వేశారు.

బయట బెంచీ మీద దర్జీ అక్క కూర్చుని ఉంది. ఉబ్బసానికి కొత్త మందు ఒకటి వచ్చింది. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి నలభై మంది పదకొండు నెలలుగా దాన్ని పీలుస్తున్నారు, నెలకోసారి వచ్చి ఊదుతున్నారు. ముప్పై తొమ్మిది మందిదీ అయిపోయింది. ఈమె కూడా ఊదితే సాయంత్రానికి లెక్కలు పై ఆఫీసుకు వెళ్లిపోతాయి.

"ఇంకెంతసేపు మాస్టారూ?"

"మిషన్‌కి ఒంట్లో బాగాలేదు. కూర్చో."

"దానికి బాగాలేకపోతే నన్ను కూర్చోమంటారు. నాకు బాగాలేదంటే మాత్రం బాగానే ఉన్నావంటారు." ఆమె లేచి గుమ్మంలోకి వచ్చింది. "నా పాత మందు నాకిప్పించండి. ఈ కొత్తది పీల్చినా ఒకటే, పీల్చకపోయినా ఒకటే. పది నిమిషాలు బట్టలు కుడితే రొప్పు."

"పాత మందు ఇవ్వాలంటే నీ అంకె తగ్గాలి. నీదేమో నెలనెలా పెరుగుతోంది. ఒకటిన్నర ఉన్నదానివి రెండుకొచ్చావు."

"అంకె పెరిగితే నా మెట్లు తగ్గుతాయా? మూడో అంతస్తుకి చేరేసరికి ప్రాణం రెండో అంతస్తులోనే ఉండిపోతోంది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ సంగతి! అందరి అంకెలూ పెరిగాయి. వాళ్లందరిదీ అబద్ధం, నీ ఒక్కదానిదే నిజమా?"

"నా ఊపిరి సంగతి నాకు తెలీదా?"

"తెలీదు. తెలీదనే మిషన్ పెట్టారు."

ఆమె వెళ్లి బెంచీ మీద కూలబడింది. డాక్టరమ్మ లావుపాటి ఫైలు పట్టుకుని గబగబా వచ్చింది.

"అయిందా మాస్టారూ?"

"ఎక్కడమ్మా! మిషన్ పోయింది. ఏడాదిగా దిగజారుతూనే ఉంది. నేను కాబట్టి లాక్కొచ్చాను."

"పోయిపోయి ఇవాళే పోవాలా?" అని తల పట్టుకుని మెకానిక్‌కు ఫోన్ చేసింది.

అతను తీరిగ్గా మధ్యాహ్నానికి వచ్చాడు. చంకలో తొడంత సిరంజి. "దీంట్లో పట్టే గాలి మూడు లీటర్లు. వెంట్రుకవాసి ఎక్కువా కాదు, తక్కువా కాదు" అంటూ దాన్ని గొట్టానికి తగిలించి, కడదాకా నెట్టాడు.

మిషన్ నాలుగు చూపించింది.

"చూశావా, తప్పు చూపిస్తోంది!" అన్నారు మాస్టారు, పందెం గెలిచినట్టు.

"తప్పే. కానీ ఎక్కువ చూపిస్తోంది. మీరేమో తక్కువ అన్నారు." మెకానిక్ మరను వెనక్కి, మొదటికంటా తిప్పి, మళ్లీ నెట్టాడు. సరిగ్గా మూడు. "మిషన్‌కి ఏ రోగమూ లేదు. ఈ మర ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. నా ఊపిరికి సరిపోవాలి కదా!"

"ఎన్నిసార్లు?"

"తగ్గినప్పుడల్లా."

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. ఆమె వేలు ఒక పేరు మీద నుంచి ఇంకో పేరు మీదికి జరిగింది. "అంటే, వీళ్లందరికీ పెరిగిందంతా..."

"మర పెరుగుదలే మేడమ్."

దర్జీ అక్కను పిలిచి ఊదించారు. ఒకటిన్నర. మొదటి నెలలో ఎంతో, ఇప్పుడూ అంతే.

డాక్టరమ్మ పదకొండు నెలల కాగితాలను చప్పుడయ్యేలా మూసేసి, ఒక చీటీ మీద పాత మందు రాసి ఆమె చేతికిచ్చింది. దర్జీ అక్క చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది.

మాస్టారికే ఆగలేదు. "మరి నేను ఊదితే ఎందుకు తగ్గుతోందయ్యా? అది చెప్పు ముందు! నలభై మంది చేత ఊదించే నాకే ఊదడం రాదంటావా?"

"పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నారా?" అన్నాడు మెకానిక్.

"తిననిస్తేగా ఈ డబ్బా!"

"అదీ సంగతి. ఖాళీ కడుపుతో ఊదితే ఏమొస్తుంది?"

"ముందు తినండి మాస్టారూ. మిమ్మల్ని తిట్టడానికి నాక్కూడా కాస్త ఓపిక కావాలి" అంది డాక్టరమ్మ. దర్జీ అక్కను కూడా వెళ్లనివ్వకుండా కుర్చీ చూపించింది.

క్యాంటీన్ నుంచి నాలుగు పళ్లేలు వచ్చాయి. మిషన్‌ను పక్కకు జరిపి, నలుగురూ ఆ బల్ల మీదే తిన్నారు. ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకుంటున్నారు. కాసేపటికి ఆ నిశ్శబ్దంలో సన్నగా, ఎవరి ఊపిరిలోంచో పిల్లికూతలు మొదలయ్యాయి. అలవాటు కొద్దీ అందరి కళ్లూ దర్జీ అక్క వైపు తిరిగాయి.

ఆమె ముద్ద పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి చూపించింది. కూతలు మాత్రం మాస్టారి పళ్లెం వైపు నుంచి వస్తూనే ఉన్నాయి.