ఆగ్నేయ మూల బ్యాటరీలు

తిరుపతి పోయి రెండు రోజులకు పలమనేరు తిరిగొచ్చిన గోవిందయ్యకు వంటింట్లో నాలుగు సోలార్ బ్యాటరీలూ కనిపించలేదు. గ్యాస్ పొయ్యి పక్కన అవి ఉన్నచోట గుర్తులు మాత్రం మిగిలాయి.

"ఆ పెంచలయ్య పనే ఇది!" గోవిందయ్యకు ఒళ్లు మండిపోయింది.

అవి బిగించిన మెకానిక్ పెంచలయ్యే. మొదటి రోజు నుంచీ ఒకటే గొణుగుడు. "అన్నా, ఛార్జింగ్ అయ్యేటప్పుడు వీట్లోంచి గ్యాస్ వస్తాది. పొయ్యి పక్కన పెడితే పేల్తాయి. వంట చేసేది వదిన గదా! గాలాడే తావు సూడన్నా." గోవిందయ్య వింటేనా! కరెంటంటే అగ్ని, అగ్నికి ఆగ్నేయమే అన్నాడు సిద్ధాంతి. ఆయన మాటంటే ఈయనకు వేదం.

"కేసు పెడతా. వాడింక ఈ ఊర్లో స్క్రూడ్రైవర్ పట్టకూడదు!"

"పిల్లలు గలోడయ్యా, కేసు పడితే వానికి పనెవురు ఇస్తారు? ముందు సిద్ధాంతితో అంజనం వేయించు," అంది భార్య అలివేలమ్మ, పోపు పెడుతూ.

అదీ నిజమే అనిపించింది. సిద్ధాంతి తమలపాకుకు కాటుక పూసి, కళ్లు చికిలించి చూశాడు.

"నీ సొమ్ము నీ ప్రహరీ దాటలేదు గోవిందయ్యా. వాయవ్యం మూల, గాలి బాగా ఆడే తావు... ఖాళీ దూడల కొట్టం కనిపిస్తా ఉండాది. ఆడనే ఉండనీ. మళ్లా వంటింట్లోకి తెచ్చినావంటే ఇల్లాలికి గండం!"

గోవిందయ్య పరుగున వచ్చి కొట్టంలో కప్పిన టార్పాలిన్ పట్ట ఎత్తాడు. నాలుగూ ఉన్నాయి. చెక్క స్టాండు మీద, మధ్యలో ఎడం వదిలి, పక్కన కొత్త ఫ్యూజు కూడా బిగించి ఉన్నాయి. ఎంత పద్ధతైన దొంగరా అని ముక్కున వేలేసుకున్నాడు.

పెంచలయ్యను అనుమానించినందుకు ఎంతో సిగ్గేసింది. పిలిపించి, చేతులు పట్టుకుని తప్పైపోయిందన్నాడు. పెంచలయ్య తల వంచుకుని కనెక్షన్ ఇచ్చే పనిలో పడ్డాడు.

అలివేలమ్మ అతనికి కాఫీ కలుపుతుంటే ఆమె ఫోను మోగింది. గోవిందయ్య ఎత్తి, హలో అనేలోపే సిద్ధాంతి గొంతు వినిపించింది.

"అమ్మా అలివేలమ్మా, నువ్వూ పెంచలయ్యా చెప్పమన్నట్టే పొల్లుపోకుండా చెప్పినాను గదా, ఇంక మా వంటింట్లో బ్యాటరీలు గూడా రేపే మార్చమను తల్లీ, పొయ్యి ముట్టించాలంటే వణుకు పుడతా ఉండాది!"