స్టేషనెదుట స్తంభాలు

"ఎక్కి రావయ్యా! గదులన్నీ ఖాళీయే!" మూడోసారి అరిచాడు ధర్మలింగం.

బరంపురం స్టేషనెదుట అతను కొత్తగా కట్టిన హోటలది. ఎత్తయిన తెల్లటి స్తంభాల ముందు, మెట్ల కిందే ఆగిపోయాడు రైలు దిగిన ముసలి రైతు సూరయ్య. చెప్పులు విడిచేశాడు. వెనక భార్య నీలమ్మ.

"ఒద్దు బాబూ. మేం ఏ తప్పూ సెయ్యనేదు."

"తప్పేటి? తిని పడుకునే హోటలయ్యా ఇది!"

"ఒరిస్సా కొత్తగా ఏరుపడింది కదా, ఆ సర్కారోరి కచేరీ అనుకున్నాం. పూటకూళ్ళింటికి ఎల్తాం," అంది నీలమ్మ.

తెరిచి నెలైనా రోజూ ఇదే తంతు. ధర్మలింగం పళ్ళు కొరికాడు. "ఆ మేస్త్రీ నన్ను ముంచేశాడు."

గుమ్మంలోంచి భార్య వాసవీకుమారి అంది: "మేస్త్రీ ముందువైపు అరుగులే వేద్దామన్నాడు. మావయ్యగారిని ఎండలో నిలబెట్టిన కచేరీలా ఉండాలని పట్టుబట్టింది మీరే కదండీ."

ధర్మలింగం విసురుగా కిందికి చూశాడు. సూరయ్య చేతులు కట్టుకుని, సెలవిస్తే వెళ్తానన్నట్టు తలెత్తి చూస్తున్నాడు.

వెళ్ళమనాలనిపించలేదు. ఆ ముసలాయన అలా నిలబడడం తనకెంత హాయిగా ఉందో ధర్మలింగానికి అప్పుడు తెలిసింది.