మెట్ల మీద ఉప్పుచేపలు

ఆ ముసలాయన ఇవాళ కూడా వచ్చాడు.

ఊరు చూపించే గైడు హేలి నీలం గొడుగు పైకెత్తి, తెల్ల చర్చి ముందు జనాన్ని పోగుచేసుకుంటూ ఓరకంట చూసింది. అదే బూడిదరంగు ఉన్ని టోపీ. అందరికీ ఎడంగా అదే నిలబడటం.

హెల్సింకి చూడ్డానికొచ్చినవాళ్లు ఒకసారి చూస్తారు. మహా అయితే చుట్టాలొచ్చినప్పుడు ఇంకోసారి. రోజూ టిక్కెట్టు కొని మరీ అదే చర్చి, అదే రేవు, అదే కోట చూసే మనిషిని ఏమనుకోవాలి?

"ఎర్ర గొడుగులవాళ్లు పంపుంటారు," అన్నాడు రేవులో కాఫీ కొట్టు నడిపే యార్మో. "నీ కథలు ఎత్తుకుపోడానికి."

హేలికీ అదే అనుమానం. ఎర్ర గొడుగుల కంపెనీ కొత్తగా వచ్చింది. వాళ్ల గైడ్లు అప్పుడే ఈవిడ కథలు తమవిగా చెప్పేసుకుంటున్నారు. మిగిలింది ఉప్పుచేపల కథ ఒక్కటే. ఊళ్లోకి వచ్చినవాళ్లు దాన్ని వినడానికే నీలం గొడుగు వెతుక్కుంటూ వస్తారు. అదీ పోతే గొడుగు మడిచి ఇంటికి పోవడమే.

ఆ కథ తెల్లెర్వోది. హేలికి ఈ పని నేర్పింది తెల్లెర్వోయే. ఏళ్ల తరబడి ఇద్దరూ కలిసి కాఫీలు తాగారు. తెల్లెర్వో ఇంటి సంగతులు చెప్పలేదు, హేలి అడగలేదు. ఈ ఊళ్లో అడగరు. కిందటి వేసవిలో ఆమె పోతే, అంత్యక్రియలు కూడా ఎక్కడో వాళ్ల దీవిలో, అయినవాళ్ల మధ్యే జరిగిపోయాయి.

ఆసుపత్రిలో మాత్రం ఒక మాట అంది. "ఆ చేపల కథ నా మాటల్లోనే చెప్పవే, హేలీ."

అందుకే హేలి ఒక్క మాట మార్చదు. చర్చి మెట్ల దగ్గర ఆగి మొదలెట్టింది.

"చేపల సంతకొచ్చిన దీవి కుర్రాడొకడు బక్కెట నిండా ఉప్పుచేపలతో ఈ మెట్లెక్కాడండీ. మంచు మీద కాలు జారింది. బక్కెట ముందు, వాడు వెనక. కిందికొచ్చేసరికి ముందు పన్ను విరిగింది. దారిన పోయే ఓ పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాత సిగ్గేసి, వాడితోపాటు చేపలన్నీ ఏరింది. మామూలుగానే మనవాళ్లు ట్రాములో ఎవరి పక్కనా కూర్చోరు గదా. ఆ సాయంత్రం ఆ పిల్ల ఎక్కితే పెట్టె పెట్టే ఖాళీ అయిపోయింది."

"తర్వాత?" అన్నాడు తాంపెరే ఊరి నుంచి వచ్చినాయన.

"చేతులకి ఆ వాసన ఎంతకీ వదల్లేదట. ఇంకెవడు చేసుకుంటాడని వాణ్నే చేసుకుంది."

అందరూ నవ్వారు. ముసలాయన మాత్రం కోటు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రతిసారీ అంతే, ఈ కథ దగ్గరే. వేరే ఏ కథకీ ఆ చెయ్యి లేవదు.

"కోటు చేతిలో రికార్డరుంది," యార్మో తేల్చేశాడు. "పోయి అడిగెయ్యి."

"నువ్వడుగు."

"నేనా? ముక్కూ మొహం తెలియని మనిషినా?"

ఇద్దరూ అడగలేదు. హేలి కథ చెప్పడమే మానేసింది. మెట్ల దగ్గర చర్చి ఎత్తెంతో చెప్పి, జనాన్ని రేవు వైపు తోలేసేది. జనం ఆవలించేవారు. ముసలాయన వెనకబడిపోయి, ఆ మెట్ల వంక చూస్తూ నిలబడేవాడు.

కొన్నాళ్లకి తనే దగ్గరికొచ్చాడు.

"చేపల కథ..." గొంతు సర్దుకున్నాడు. "ఇవాళ కూడా చెప్పరా?"

హేలికి ఒళ్లు మండింది. దొరికాడు దొంగ.

"మిమ్మల్ని ఎవరు పంపారండీ?"

"ఎవరూ పంపలేదే."

"అది తెల్లెర్వో కథ. నన్ను నమ్మి నాకిచ్చింది. ఎవరో వచ్చి ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోను. రేపట్నుంచి రాకండి. వచ్చినా టిక్కెట్టివ్వను."

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "ఆమెదే."

మళ్లీ రాలేదు. హేలికి గుండెల మీది బరువు దిగినట్టయింది. యార్మో ఆ రోజు కాఫీతోపాటు దాల్చినచెక్క బన్ను ఊరికే పెట్టాడు. ఉప్పుచేపలు మళ్లీ మెట్ల మీద పడ్డాయి, జనం మళ్లీ నవ్వారు.

మంచు కరిగి, రేవులో పడవలు తిరగడం మొదలైంది. ఒకరోజు కథ అయ్యేసరికి జనంలో ఒకావిడ కోటు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈసారి ఆడమనిషిని పంపారన్నమాట. హేలి తిన్నగా వెళ్లి, తెలియని మనిషిని జన్మలో మొదటిసారి అడిగేసింది.

"మీ కోటు చేతిలో ఏముందండీ?"

"ఏముంటుంది?" ఆవిడ విస్తుపోయి చెయ్యి దులిపి చూపించింది. ఏమీ లేదు. "ఇది మా నాన్న అలవాటు, నాకూ అంటుకుంది. నేను తెల్లెర్వో కూతుర్ని. అమ్మ మాటలు మళ్లీ విందామని వచ్చాను."

హేలి చేతిలోని గొడుగు కిందికి వాలిపోయింది.

"మీ నాన్నగారు... బూడిదరంగు టోపీ పెట్టుకుంటారా?"

"పెట్టుకునేవాడు. ఈస్టరుకి పోయాడు. అమ్మ పోయాక రోజూ పొద్దున్నే ఎక్కడికో వెళ్లి నవ్వు మొహంతో వచ్చేవాడు. చలికాలం మధ్యలో మానేశాడు. ఎందుకని నేనూ అడగలేదు."

ఆవిడ మెట్ల వైపు చూసి చిన్నగా నవ్వింది, మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకునే.

"ఇక్కడ పడి పన్ను విరగ్గొట్టుకున్న కుర్రాడు ఆయనేగా, అప్పట్నుంచీ నవ్వొస్తే ఇలాగే నోరు మూసుకునేవాడు."