మార్కెటింగ్ ట్రైనీ కావలెను

“ఇప్పటిదాకా ఎన్ని ఇంటర్వ్యూలు పోయాయి?”

మొదటి ప్రశ్నే అలా వస్తుందని కుర్రాడు అనుకోలేదు.

‘మీ గురించి చెప్పండి’ అంటారని వారం రోజులుగా అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. మనుషులతో కలిసిపోవడం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటని, మార్కెటింగ్ అంటే ప్రాణమని, నాలుగు నిమిషాల ఉపన్యాసం గొంతులో సిద్ధంగా ఉంది. అది అక్కడే ఉండిపోయింది.

“పదమూడండీ,” అన్నాడు చివరికి. తగ్గించి చెబుదామనుకున్నాడు గానీ సమయానికి వేరే అంకె తోచలేదు.

బల్లకు అవతల కూర్చున్న మేడమ్ నవ్వలేదు, మొహమూ చిట్లించలేదు. ముందున్న కాగితంలో ఒక గడి వెతుక్కుని టిక్కు పెట్టింది. కళ్ళజోడు, బిగించి దువ్విన జుట్టు, నలగని కోటు. వయసెంతో చెప్పడం కష్టం. అయినా బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ళందరూ కుర్రాడి కళ్ళకు పెద్దవాళ్ళే.

“ఎక్కువగా ఏ కారణం చెప్పారు?”

“అనుభవం లేదన్నారండి.”

“కాలేజీ నుంచి అప్పుడే వచ్చినవాళ్ళు కావాలని ప్రకటనలో వేసి కూడానా?”

“వేసి కూడానండి. రెండేళ్ళ అనుభవం ఉన్న ఫ్రెషర్ కావాలట వాళ్ళకి.”

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. మళ్ళీ టిక్కు.

“ఇంటర్వ్యూ పోయిందని తెలిశాక ముందు ఎవరికి చెప్తారు?”

“అక్కకండీ. వాళ్ళింట్లోనే ఉంటున్నాను.”

“ఏమని చెప్తారు?”

“బాగా చేశాను, కబురు చేస్తామన్నారు అని.”

“నిజం ఎందుకు చెప్పరు?”

కుర్రాడు ఒళ్ళో ఉన్న ఫైలు సర్దుకున్నాడు. ఈ మధ్య కంపెనీల్లో ఇలా తిప్పి తిప్పి అడుగుతారని, మనిషి ఎంత నికార్సుగా ఉన్నాడో చూస్తారని కాలేజీలో సీనియర్ ఒకడు చెప్పిన మాట గుర్తొచ్చింది. సరే, తాడో పేడో తేల్చుకుందామనుకున్నాడు.

“చెప్తే అక్క ఏమీ అనదండి. వడ్డిస్తూ వడ్డిస్తూ బావ వంక చూస్తుంది. బావేమో పళ్ళెం వంక చూస్తాడు. ఇక నాకు ముద్ద దిగదండి.”

“మీ బావగారు ఏమైనా అన్నారా?”

“మంచివాడండీ మా బావ. ఈ నెలాఖరు దాకా చూడు, ఏదీ కుదరకపోతే మా గోడౌన్‌లో లారీలకి పెట్టెలెక్కించే పని ఉంది, వచ్చెయ్ అన్నాడు. ఆ పని తక్కువదని కాదండి. ఒకసారి అందులో పడ్డానంటే మళ్ళీ ఈ టై కట్టుకోను. నా సంగతి నాకు తెలుసు.” టై ముడి సర్దుకుని, “ఇవాళ ఇరవై ఎనిమిదో తారీఖు,” అన్నాడు.

ఇంటర్వ్యూ ముందు రోజు నిద్ర పడుతుందా అని అడిగింది ఆవిడ. పట్టదన్నాడు. తోటివాళ్ళకు ఉద్యోగం వచ్చిందని తెలిస్తే ఏమనిపిస్తుందని అడిగింది. ముందు సంతోషం, మెట్లు దిగేటప్పుడు ఏడుపు అన్నాడు. ఎవరైనా పక్కనుండి అన్నీ నేర్పించి ఉద్యోగం వచ్చేదాకా వదలకపోతే, నెలకు ఎంత ఇవ్వగలరని అడిగింది. ఎంత జీతం కావాలని అడగాల్సింది తిరగేసి అడుగుతోందేమిటా అనుకుని, “నాకో జీతం మొదలయ్యాక అడగండి,” అన్నాడు. దానికి మాత్రం ఆవిడ నిజంగానే నవ్వింది.

అలా ఇరవై నిమిషాలు గడిచాయి. ఆ పదమూడు చోట్లా అతన్ని ఎవరూ ఇంతసేపు కూర్చోబెట్టలేదు. చెప్పినదాన్ని ఇలా మధ్యలో తుంచకుండా విన్నవాళ్ళూ లేరు. ఈసారి వచ్చినట్టేనని మనసు గట్టిగా చెప్పింది. గుండె తేలికపడింది.

“ప్రశ్నలు అయిపోయాయండి. మీ జవాబులు చాలా ఉపయోగపడ్డాయి. థాంక్స్,” అంది మేడమ్.

“ఎప్పుడు చేరమంటారు?” అనేశాడు ధైర్యం చేసి.

ఆవిడ కలానికి మూత పెట్టింది. తలుపు వేసి ఉందో లేదో చూసి గొంతు తగ్గించింది.

“మీరు ఇంత నిజం చెప్పాక నేను అబద్ధం ఆడలేనండి. ఈ మాట బయటికి పొక్కితే ఇక్కడ నాకు నూకలు చెల్లినట్టే. ఇది ఇంటర్వ్యూ కాదు, సర్వే. ఉద్యోగం దొరకనివాళ్ళ కోసం కంపెనీ కొత్తగా ఒక కోర్సు పెడుతోంది. వాళ్ళకి దేనికి భయమో, దేనికి సిగ్గో తెలిస్తే గానీ దాన్నెలా అమ్మాలో తెలియదు. సర్వే అంటే ఎవరూ రారు. ఇంటర్వ్యూ అంటే టై కట్టుకుని మరీ వస్తారు.”

కుర్రాడి చెవులు వేడెక్కాయి. కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. అక్క చూపు, బావ మాట, ముద్ద దిగని సంగతి, అన్నీ ఆ కాగితం గడుల్లో పడి ఉన్నాయి. లాక్కుని చింపేద్దామనిపించింది. చెయ్యి రాలేదు.

“మా బతుకులు మీకు ఆటగా ఉన్నాయా?” అన్నాడు, గొంతు పెంచకుండానే. “మీరు ఎప్పుడైనా ఈ కుర్చీలో కూర్చున్నారా?”

“కూర్చున్నాను.”

“తెలిసి తెలిసి, లేని ఉద్యోగానికి ప్రకటన ఎలా ఇచ్చారండీ?”

“నేనివ్వలేదు. నేనూ ఆ ప్రకటన చూసే వచ్చాను. అప్పటికి ఉద్యోగం నిజంగానే ఉంది, ఒక్కటే,” అంటూ ఆవిడ తర్వాత వచ్చేవాళ్ళ కోసం కొత్త కాగితం తీసింది. “పోయిన సోమవారం అది నాకొచ్చింది. ఇదే ఆ ఉద్యోగం.”