పన్నెండు ఊళ్ళు, ఒకే కట్ట

“నా కార్డులు ఎవరు తీశారు?”

ఫ్రెంచి దొర జీన్ గొంతు చక్కెర మిల్లు ఆఫీసులో గోడ అవతలి గుమాస్తాల దాకా వినిపించింది. నిన్న సాయంత్రం వరకు కంప్యూటరు పక్కన బల్ల మీద ఊరికొకటి చొప్పున పన్నెండు కట్టల కార్డులు ఉండేవి. ఈ శనివారం పొద్దున అక్కడ రెండు వేళ్ళ మందం కట్ట ఒక్కటే ఉంది.

“నేనే, మిస్యే,” అంటూ లేచింది ఈశ్వరమ్మ. కంప్యూటరు చదివే కార్డులకు కన్నాలు కొట్టడం ఆమె పని. “పారెయ్యలేదు, బీరువాలో పెట్టాను. ఈ ఒక్క కట్టే పన్నెండు ఊళ్ళ పనీ చేస్తుంది.”

“ఈ దీవికి స్వతంత్రం ఇంకా రాలేదు, మామ్‌జెల్. అప్పుడే నా బల్ల మీద రాజ్యం మొదలుపెట్టావా?”

పక్కన కన్నాలు కొట్టే ఇంకో యంత్రం దగ్గర కూర్చున్న కామిని నవ్వు కనపడకుండా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏ రైతు చెరుకు ఏ రోజు మిల్లుకు తేవాలో ఆ కార్డులనుబట్టే కంప్యూటరు జాబితా అచ్చు వేస్తుంది. వాటిలోని ప్రోగ్రాం రాసింది జీన్. సోమవారం నుంచి కోతలు. ఈ ఏడు బాన్ అక్యూయ్ రైతులు కొత్తగా చేరారు. పదమూడో కట్ట పట్టేందుకు యంత్రంలో చోటు లేదు. అందరి వంతూ అయ్యాకే బాన్ అక్యూయ్ అని నిన్న జీన్ తేల్చేశాడు. అంటే డిసెంబరు. అప్పటికి చెరుకు బెండు బారుతుంది. బాన్ అక్యూయ్ ఈశ్వరమ్మ ఊరు.

“పన్నెండు కట్టల్లోనూ అవే కార్డులు, మిస్యే. ఊరి పేరు ఒక్కటే తేడా.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. చదివాను.”

“మొత్తమా?”

“కన్నాలు కొట్టింది నేనే కదా. మా నాయన భజన పుస్తకంలో పల్లవి ఒక్కసారే రాసుకుంటాడు. ప్రతి చరణం చివరా చిన్న గుర్తు పెడతాడు. గుర్తు రాగానే పైకెళ్ళి పల్లవి పాడి, మళ్ళీ కింది చరణానికి వస్తారు. చరణం చరణానికీ పల్లవి రాసుకుంటూ పోతే ఆ పుస్తకం ఎవరు మోస్తారు? ఇక్కడ ఊరి పేరే చరణం. మిగతాదంతా పల్లవి.”

“ఇది గుడి కాదు,” అన్నాడు జీన్. “పాత కట్టలు తే. రెండూ నడుపుదాం. ఒక్క వరస తేడా వచ్చినా సోమవారం నువ్వు ఆఫీసుకు రానక్కర్లేదు.”

“తేడా రాకపోతే మా ఊరికి చోటు దొరుకుతుందా?”

“ముందు రాకుండా చూసుకో.”

రెండు జాబితాలూ అచ్చయి వచ్చాయి. కామిని పాతది చదువుతుంటే ఈశ్వరమ్మ కొత్తదాని మీద పెన్సిలు కదిలిస్తూ పోయింది. పదకొండు ఊళ్ళు అక్షరం తేడా లేకుండా కలిశాయి. మిగిలింది కాంప్ ద మాస్క్.

“పోలమ్మ, బుధవారం,” చదివింది కామిని.

పెన్సిలు ఆగిపోయింది. కొత్త జాబితాలో పోలమ్మది గురువారం. ఆ కిందివాళ్ళెవరూ కలవలేదు.

“ఆయో, ఈశ్వరీ,” అని గొణిగింది కామిని.

“బోన్, సరిపోయింది,” అన్నాడు జీన్. “సంచి సర్దుకో.”

ఈశ్వరమ్మ సంచి వైపు చూడలేదు. పాత కట్టలు ఒక్కొక్కటే విప్పి, బండికి ఎంత బరువో చెప్పే కార్డును ఒక్కోదాంట్లోంచి బయటికి తీసింది. పన్నెండు కార్డుల అంచులూ కలిపి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. అన్నీ ఒకటే అయితే కన్నాల్లోంచి వెలుగు రావాలి. ఒక కన్నం మూసుకుపోయి ఉంది. కాంప్ ద మాస్క్ కార్డు లాగేసి మళ్ళీ ఎత్తింది. వెలుగు వచ్చింది.

“బండికి మూడు టన్నులు కాదు, రెండే అని పోయిన నెల మార్చమన్నారు. మీరిచ్చిన చీటీలో పదకొండు ఊళ్ళే ఉన్నాయి, మిస్యే. తప్పు పాత జాబితాలో ఉంది.”

“పదకొండో ఊరు రాసేసరికి టీ వేళయి ఉంటుంది,” అంది కామిని, ఎవరితోనూ కాదన్నట్టు.

జీన్ ఆ కార్డులు తీసుకుని తనే కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెండుసార్లు చూశాడు. తర్వాత కొత్త కట్ట కంప్యూటరులో పెట్టి, “మీ ఊరి కార్డు ఏది?” అని చెయ్యి చాచాడు.

బాన్ అక్యూయ్ జాబితా వచ్చే శుక్రవారంతోనే మొదలయింది.

జీన్ రెండు జాబితాలూ చంకన పెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల ఫ్రెంచి మాటలు పెరిగాయి, తగ్గాయి.

“పెద్దాయన తప్పు పట్టుకుని బాగుపడినవాళ్ళు ఈ మిల్లులో ఉన్నారా?” అంది కామిని. “ఆ అన్నం డబ్బా కూడా సంచిలో పెట్టుకో. పిలిస్తే తడుముకోనక్కర్లేదు.”

ఈశ్వరమ్మ డబ్బా సంచిలో పెట్టుకుంది. శుక్రవారం అనే మాట మాత్రం ఇంటికి తీసుకుపోవచ్చు అనుకుంది.

తలుపు తెరుచుకుంది. జీన్ చేతిలో కాగితం ఉంది. దాని కింద మేనేజరు సంతకం, సిరా ఇంకా ఆరలేదు.

“ఆ కుర్చీలోంచి లే, మామ్‌జెల్.”

ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది. “సరే, మిస్యే. సోమవారం ఆ కొత్త కట్టే వాడండి. మా ఊరిని తీసెయ్యకండి.”

జీన్ తన కుర్చీని ఆమె ముందుకు లాగాడు.

“ఇందులో కూర్చో. ఇక ఆ కార్డులన్నీ నీవి.”

“మరి మీరు?”

“నా కార్డులు చదవగలిగే మనిషి ఇంకొకరు దొరికేదాకా నన్ను కదలనివ్వనన్నాడు మేనేజరు. ఇవాళ వదిలాడు,” అంటూ జీన్ ఆ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. “మా ఆవిడా పిల్లలూ ఆస్ట్రేలియాలో నా కోసం ఎదురుచూడబట్టి పద్నాలుగు నెలలయింది.”