చెవిటికల్లు రేవులో పదో రోజు

“ఇంకొకళ్లు రావాలండి, కాస్త ఆగుదాం,” అన్నాడు సాంబయ్య, గట్టు వైపు చూస్తూ.

“ఇంకెవరండీ?” శేషాద్రి పంతులు దర్భలు సర్దుతూ విసుక్కున్నాడు. “భార్య ఉంటే ఆవిడ పుట్టింటివాళ్లు ఈ రోజు బట్టలు తెచ్చి పెట్టేవాళ్లు, వాళ్ల కోసం ఆగేవాళ్లం. మీ అబ్బాయికి పెళ్లే కాలేదాయె. ఆ తంతు ఇక్కడ లేదు.”

సాంబయ్య కొడుకు రవితేజ పోయి పది రోజులు. ధర్మోదకాలు వదలడానికి బంధువులంతా కృష్ణలోకి దిగుతున్నారు. కిషోర్‌బాబు మాత్రం చెప్పులు విడిచిన చోటే ఆగిపోయాడు. నందిగామలో రవితేజా అతనూ పన్నెండేళ్లు ఒకే ఇంట్లో అద్దెకున్నారు, ఒకే కాలేజీలో పాఠాలు చెప్పారు. అయినా చుట్టాల వరసలో తనకి చోటుంటుందన్న నమ్మకం అతనికి లేదు. ఒక్క దోసెడు నీళ్లు వదలనిస్తే చాలనుకుని వచ్చాడు.

సాంబయ్యకి అతను అప్పటికే ఎంతో రుణపడి ఉన్నాడు. విజయవాడ ఆస్పత్రిలో ఆపరేషన్ కాగితం ముందు పెట్టి, మీరేమవుతారని అడిగారు. ఫ్రెండ్‌నన్నాడు. ఫ్రెండ్ సంతకం చెల్లదన్నారు. రవితేజ ఏ పూట ఏ మాత్ర వేసుకుంటాడో తెలిసిన ఒకే ఒక్క మనిషిని వరండాలో నిలబెట్టారు. సాంబయ్య పొలం నుంచి మట్టికాళ్లతోనే వచ్చి సంతకం పెట్టాడు. పెట్టి, “లోపలికి ఈ అబ్బాయిని పంపండి. మావాడు ఇతని కోసమే చూస్తుంటాడు,” అన్నాడు. ఆ మాట పుణ్యమా అని కిషోర్‌బాబు చివరి మూడు రోజులూ రవితేజ పక్కనే ఉండగలిగాడు. అంత మేలు చేసిన మనిషిని ఇంకేం అడుగుతాడు?

“అక్కడే నిలబడ్డావేం కిషోర్? ఇటు రా, నా పక్కకి,” సాంబయ్య పిలిచాడు.

కిషోర్‌బాబు నీళ్లలోకి దిగాడు. సాంబయ్యే అతని దోసిలి కింద తన చేతులు ఆనించి నీళ్లు వదిలించాడు. గట్టెక్కాక కిషోర్‌బాబు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. గుండె నిండిపోయింది.

అంతలో ఆటో వచ్చి ఆగింది. జగ్గయ్యపేట నుంచి కిషోర్‌బాబు అక్క రత్నమణి. తొమ్మిదేళ్ల కిందట తను తెచ్చిన సంబంధం ఎందుకు వద్దో తమ్ముడు చెప్పిన రోజు నుంచి అతని గడప తొక్కని మనిషి. పంతానికి ఆవిడ పెట్టింది పేరు. అలాంటిది, తమ్ముడి ముందుకొచ్చి సంచిలోంచి కొత్త పంచె, కండువా తీసింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

“మీరు ఫోన్‌లో చెప్పినట్టే తెచ్చానండి,” అంది సాంబయ్యతో.

పంతులు అయోమయంగా చూశాడు. “ఇవేం బట్టలమ్మా?”

సాంబయ్య చుట్టాలందరి ఎదుటా కిషోర్‌బాబు భుజం మీద చెయ్యి వేశాడు.

“పుట్టింటి బట్టలు, పంతులుగారూ.”