తోచక చేసే పని

“ఈ జీతంతో ఇల్లు నడుపుకునేవాళ్ళు మా షాపులో ఒక్కరు కూడా లేరు మేడమ్,” అన్నాడు మేనేజరు.

మైకు అతని గొంతును పెద్దది చేసి హాలంతా వినిపించింది. ఎవరో వేరే మనిషి మాట్లాడుతున్నట్టు అనిపించింది అతనికి.

కమిటీ ముందున్న సంగతి ఒక్కటే. బర్గర్లు, పిజ్జాలు అమ్మే షాపుల్లో పనివాళ్ళకి కనీస వేతనం పెంచాలా, వద్దా? కంపెనీ తరఫున మాట్లాడటానికి డైరెక్టరు ఇతన్ని ఎంచుకున్నాడు.

“నువ్వు కౌంటరు తుడిచిన దగ్గర్నుంచి ఎదిగినవాడివి. నీ నోటి నుంచి వస్తే నమ్ముతారు. ఈ గండం ఒక్కటి గట్టెక్కించు. ఏరియా మేనేజరు కుర్చీ నీదే.”

అతను సరేనన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సరేనన్న దగ్గర్నుంచి మాత్రం ముద్ద దిగడం లేదు.

“అందరూ చదువుకునే పిల్లలే మేడమ్. చేతి ఖర్చుల కోసం వస్తారు. జీతాలు పెంచితే మనుషుల్ని తీసేసి మెషిన్లు పెట్టుకోవాలి. చివరికి నష్టపోయేది వాళ్ళే.”

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు పైనుంచి అవతలి బెంచీల వైపు చూసింది. పనివాళ్ళు యూనిఫారాలతోనే వచ్చి అక్కడ ఇరుక్కుని కూర్చున్నారు.

“రెండో వరసలో ఉన్నావిడ కాలేజీ పిల్లలా లేరే?”

హాల్లో నవ్వులు.

ఆవిడది ఫ్రయ్యర్ దగ్గర పని. పొద్దస్తమానం మరిగే నూనె ముందు నిలబడుతుంది కాబట్టి షాపులో అందరూ ‘నూనెక్క’ అంటారు. పనివాళ్ళ పక్షాన మాట్లాడాల్సింది ఆమే. ఉన్నదున్నట్టు చెప్పేస్తానని పొద్దున అందరికీ మాటిచ్చి మరీ వచ్చింది. మేనేజరు మైకు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

“వెళ్ళక్కా, కడిగి పారెయ్!” అంది పక్కనున్న క్యాషియర్ పిల్ల.

నూనెక్క లేచింది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. దాన్ని చూడలేక మేనేజరు పైన తిరుగుతున్న ఫ్యాన్ని చూశాడు. నూనెలో ముంచే బుట్టకి పిడి ఊడొస్తోందని ఆమె చెబుతూనే ఉంది. ఖర్చులు తక్కువ చూపించాలన్న యావలో ‘చూద్దాంలే’ అంటూ వచ్చింది తనే.

ఇప్పుడామె నోరు తెరిస్తే చాలు, తన మాట అబద్ధమని తేలిపోతుంది. తేలిపోతేనే బాగుణ్ణని కూడా అనిపించింది అతనికి.

“చెప్పండమ్మా, మీ ఇల్లు ఈ జీతం మీద నడుస్తోందా?” అడిగింది అధ్యక్షురాలు.

నూనెక్క ఆవిడ వైపు చూడలేదు. మేనేజరు వైపు చూసింది.

“లేదండీ,” అంది. “సారు చెప్పింది నిజమే. మా ఆయనది మంచి ఉద్యోగం. దేనికీ లోటు చెయ్యరు. ఇంట్లో తోచక వస్తుంటాను.”

అధ్యక్షురాలు ఆమె చేతి కట్టు వైపు చూసింది.

“మరి ఆ చెయ్యి?”

“ఇంట్లో వంట చేస్తూ కాల్చుకున్నానండీ. నాదే పరధ్యానం.”

“అక్కా!” అని అరిచింది క్యాషియర్ పిల్ల. నూనెక్క వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత చర్చ ఎంతోసేపు సాగలేదు. జీతాల పెంపు ప్రతిపాదన వీగిపోయింది.

బయట వరండాలో డైరెక్టరు మేనేజరు భుజం చరిచాడు. “అదరగొట్టావోయ్! వాళ్ళ సాక్షి చేతే మన మాట చెప్పించావు. ఏం మంత్రం వేశావేంటి?”

అతను నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

మెట్ల దగ్గర పనివాళ్ళు నూనెక్కను చుట్టుముట్టారు.

“ఎంతకి అమ్ముడుపోయావక్కా?” అడిగింది క్యాషియర్ పిల్ల. “పిల్లల ఫీజులు కట్టలేక చస్తున్నామని మొన్న నా భుజమ్మీద పడి ఏడ్చింది నువ్వు కాదూ?”

నూనెక్క సంచీ గుండెకి అదుముకుని మెట్లు దిగింది. జనం పక్కకి తప్పుకున్నారు. దారివ్వడానికి కాదు, ఆమె తమకి తగలకుండా ఉండటానికి.

‘ఆవిడనేమీ అనకండి, తప్పు నాది’ అందామనుకున్నాడు మేనేజరు. ఈలోగా డైరెక్టరు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. మేనేజరు ఎక్కి కూర్చున్నాడు.

“అన్నట్టు, నీ షాపులో అన్నదమ్ములిద్దరున్నారన్నావు. చిన్నవాణ్ణి పంపించేశావా?”

“పంపించేశాను సార్.”

“మంచి పని చేశావు. ఒకే ఇంటివాళ్ళు ఒకే షాపులో ఉండకూడదని రూలు పెట్టుకున్నాక మొహమాటాలు పనికిరావు. దాచిపెట్టి దొరికితే ఇద్దరూ బయటికే.”

“అవును సార్,” అన్నాడతను. కాళ్ళావేళ్ళా పడ్డ ఆ కుర్రాడి మొహం కళ్ళ ముందు మెదిలింది. కారు అద్దం కొంచెం దించుకున్నాడు.

సందు మొదట్లో దిగిపోయాడు. మందుల షాపుకి వెళ్ళి, కాలిన గాయాలకి రాసే మందు కొన్నాడు. కొన్నాడే గానీ, ఏ మొహం పెట్టుకుని ఇవ్వాలో, ఇస్తూ ఏమని చెప్పాలో తోచలేదు. దాన్ని గుప్పెట్లో బిగించి పట్టుకుని, ఒక్కో మెట్టూ మెల్లగా ఎక్కి, తన ఇంటి తలుపు తట్టాడు.

తలుపు తీసిన నూనెక్క, “చేతులు కడుక్కు రండి, వడ్డించేస్తాను, పిల్లలు నాన్నతోనే తింటామని కూర్చున్నారు,” అంది.